రెక్క కింద రంగు

మాస్టారు పోయారని మొన్న సాయంత్రం అమ్మగారు ఫోను చేశారు. తాడేపల్లిగూడెంలో నా షాపులో ఒక లారీ తలుపుకి రెండో కోటు వేస్తున్నాను. "బాబూ, మాస్టారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు," అన్నారు ఆవిడ. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి లేవలేదట. బ్రష్షు డబ్బా మీద పెట్టాను. ఆవిడే మళ్ళీ మాట్లాడారు. "పెట్టె చేయించడానికి మనిషిని పంపాం. రేపు మూడింటికి సమాధి చేస్తారు. పెట్టెకి రంగు నువ్వే వెయ్యాలి. ఏ రంగో నీకు తెలుసు కదా." తెలుసునండీ అన్నాను. తలుపు సగంలో వదిలేసి బ్రష్షులు కడిగాను.

ఆ రంగు సంగతి చెప్పాలంటే మాస్టారి విమానం సంగతి చెప్పాలి. ఏలూరు, భీమడోలు, గూడెం చుట్టుపక్కల ఆయన్ని విమానం మాస్టారు అనేవారు. ఆ విమానాన్ని చూసినవాళ్ళు కొద్దిమంది, దాని గురించి విన్నవాళ్ళు చాలామంది. దానికి రంగు వేసినవాణ్ణి నేను. అందుకని నాకు తెలిసినంత మట్టుకు రాస్తున్నాను.

మాస్టారు చిన్న వయసులో ఎయిర్‌ఫోర్సులో చేరి విమానాల బాడీలు రిపేరు చేశారు. బయటికి వచ్చాక పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు పాఠాలు చెప్పారు. రిటైరై వట్లూరులో ఇల్లు కట్టుకున్నారు. అమ్మగారు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఇద్దరూ ఆదివారం చర్చికి వెళ్ళేవారు. అది తప్ప మాస్టారికి ఇంకో ధ్యాస ఉండేది కాదు. తన చేత్తో ఒక విమానం చెయ్యాలి, అది నేల విడిచి లేవడం చూడాలి. అంతే ఆయన కోరిక.

ఆయన మొదటిసారి నా షాపుకి వచ్చినప్పుడు చేతిలో పాత పేపరు చుట్టిన పలక ఒకటి ఉంది. బెంగుళూరులో ఉన్న పాత సర్వీసు స్నేహితుడు నమూనాకి పంపించాడట. బరువుంటుందనుకుని చెయ్యి బిగించి అందుకున్నాను. అది నా ముక్కు దాకా లేచిపోయింది.

"ఏంటండీ ఇది, అప్పడంలా ఉంది?"

"మోకాలి మీద పెట్టి వంచి చూడండి."

వంచాను. వంగలేదు. ఇంకా బలం పెట్టాను. నా మోకాలు నొప్పెట్టింది గానీ పలక వంగలేదు. మాస్టారి కళ్ళు మెరుస్తున్నాయి. పిల్లాడు తన కొత్త సైకిలు ఇంకొకడికి ఇచ్చి తొక్కి చూడమన్నట్టు నిలబడ్డారు.

"లోపల ఫోము, పైనా కిందా గాజు గుడ్డ, మధ్యలో జిగురు. విమానం మొత్తం దీంతోనే చేస్తాను. దీని మీద రంగు ఎలా పడుతుందో చూడాలి."

నాకు హుషారు వచ్చింది. అప్పటిదాకా నేను లారీలకి, ట్రాక్టరు తొట్లకి వేశాను గానీ విమానానికి ఎవడు వేయించుకుంటాడు? రంగుల కార్డు తీసి పరిచాను. నెమలిపింఛం నీలం, మామిడిపండు పసుపు, అంచుకి ఎర్ర గీత, తోక మీద తామరపువ్వు. ఇవన్నీ చెప్పుకుపోతుంటే ఆయన ఓపిగ్గా విన్నారు.

"తెలుపు," అన్నారు.

"కింద కోటు తెలుపేనండీ. దాని మీద ఏం వేద్దాం?"

"దాని మీద కూడా తెలుపే."

నేను కార్డు మడిచేశాను. తెల్ల రంగు గోడకి వేసినట్టు ఎవడైనా వేస్తాడు, దానికి గూడెం దాకా రావడం ఎందుకనిపించింది. నా మొహం చూసి ఆయన బల్ల మీద కూర్చున్నారు.

"లారీకి రంగు సంగతి చివర్లో చూస్తారు. దీనికి ముందే తేల్చుకోవాలి. ఏ రంగు వేస్తామన్నదాన్ని బట్టి ఎండలో రెక్క వేడెక్కుతుంది. వేడిని బట్టి జిగురు. జిగురును బట్టి కట్టే పద్ధతి. కాబట్టి మనం రంగు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి."

ఆయన "మనం" అన్నారు. ఆ ఆదివారం నేను షాపు మూసి భీమడోలు వెళ్ళాను.

భీమడోలులో మూతపడ్డ రైసుమిల్లు షెడ్డు ఒకటి మాస్టారి పాత విద్యార్థిది. అద్దె వద్దని తాళాలు ఇచ్చాడు. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు నా ఆదివారాలు అక్కడే గడిచాయి. మాస్టారు, అమ్మగారు ఉదయం ఆరాధన అయ్యాక ఏలూరు వైపు నుంచి వచ్చేవారు. నేను గూడెం వైపు నుంచి ప్యాసింజరులో వెళ్ళేవాణ్ణి. ఎవరు ముందు దిగితే వాళ్ళు స్టేషను బయట టీ చెప్పాలి. నాలుగో మనిషి పడవల ఆయన. కొల్లేటిలో చేపల చెరువులకి ఫైబరు పడవలు చేసి అమ్మేవాడు. గాజు గుడ్డ ఎక్కడ దొరుకుతుందో, ఎలా కత్తిరించాలో మాస్టారు ఆయన్ని అడగబోయి, ఏకంగా పనిలోకి దించేశారు.

విమానం దేనితో కట్టాలన్నది అప్పటికింకా వాదనలోనే ఉంది. నేను చెక్క అన్నాను. లారీ బాడీలు చూసినవాణ్ణి కదా.

"చెక్క మంచిదే. కానీ మన కొల్లేటి గాలిలో సగం నీళ్ళే. చెక్క ఉబ్బుతుంది. ఉబ్బని రోజున చెదలు పడతాయి," అన్నారు మాస్టారు.

"రేకు మాటేంటండీ?"

"రేకుతోనే నా సర్వీసు గడిచింది. దానికి తగిన అల్యూమినియం ఇక్కడ దొరకదు. దొరికినా వేల రివెట్లు కొట్టాలి. ఒక్కో రివెట్టుకీ లోపల ఒకరు, బయట ఒకరు. నీకు ఓపికుందా?"

"లేదండీ."

పడవల ఆయన చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. "మూస చేసేద్దామండీ మాస్టారూ. పడవకి చేసినట్టే. మూసలో గుడ్డ పరిచి రెసిన్ జిగురు కొడితే రెక్క ఊడిపడుద్ది."

"మూస చెయ్యడానికి రెక్క చేసినంత పని. మీరు పడవలు వందలు చేస్తారు గనక మూస గిట్టుబాటు. మనం చేసేది ఒక్క విమానం. ఫోముని రెక్క ఆకారంలో కోసి, దాని మీదే గుడ్డ అతికిస్తాం. మూస లోపలే ఉండిపోతుంది."

"మూస లోపల ఉండిపోవడమేంటండీ బాబూ. పడవలో మూస వదిలేస్తే చేపలెక్కడ పోసుకుంటారు?"

మాస్టారు పడీపడీ నవ్వారు. ఆ మాట తర్వాత ఎన్నాళ్ళు చెప్పుకున్నారో.

ఆ వారమే మేం చేసిన పొరపాటు కూడా ఇక్కడి మనుషులే చెయ్యగలది. రెక్కలకి కావలసిన ఎపాక్సీ జిగురు ఇంకా రాలేదు. నీలం ఫోము కూడా రాలేదు. ముగ్గురికీ చేతులు దురద. పడవల ఆయన రొయ్యలు ప్యాక్ చేసే థర్మకోల్ పెట్టెలు తెచ్చాడు, తన పడవల రెసిన్ డబ్బా తెచ్చాడు. ఎపాక్సీయే వాడాలని మాస్టారు ఒక పుస్తకంలో చదివారు గానీ ఎందుకో అందులో లేదు. "రెసిన్ ఏదైనా రెసినేనండీ, నేను హామీ," అన్నాడు పడవల ఆయన. థర్మకోల్‌ని అందంగా రెక్క ముక్కలా కోశాం. గుడ్డ పరిచాం. రెసిన్ పోశాం.

ముందు సన్నగా చిటచిటమంది. తర్వాత గుడ్డ మధ్యలో చిన్న గుంట పడింది. గుంట పెద్దదైంది. మా కళ్ళ ముందే థర్మకోల్ మొత్తం కరిగి, గుడ్డ తడిసిన దుప్పటిలా బల్ల మీద పడిపోయింది. కింద జిగట మడుగు మిగిలింది.

"పడవల్లో థర్మకోల్ ఎప్పుడూ పెట్టలేదండీ," అన్నాడు పడవల ఆయన, చిన్నగా.

మాస్టారు ఆ మడుగు చుట్టూ తిరిగి తిరిగి చూశారు. కోపం వస్తుందేమో అనుకున్నాను. ఆయన మొహం వెలిగిపోతోంది. "ఎపాక్సీయే ఎందుకు వాడమన్నారో ఇవాళ తెలిసింది. ఎందుకో తెలియని జాగ్రత్త సగం జాగ్రత్తే," అన్నారు. అమ్మగారు టిఫిను డబ్బా విప్పుతూ, "ఆకాశంలో కరక్కుండా ఇక్కడ కరిగింది, దేవుడికి స్తోత్రం," అన్నారు.

ఎపాక్సీ వచ్చాక, నీలం ఫోము వచ్చాక అసలు పని మొదలైంది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులకి కదలాలనిపిస్తుంది. ఫోము దిమ్మకి రెండు చివరలా రెక్క ఆకారంలో కోసిన ప్లైవుడ్ ముక్కలు బిగిస్తాం. హీటరు తీగని విల్లులా కట్టి కరెంటు ఇస్తే అది ఫోములోంచి వెన్నలోంచి పోయినట్టు పోతుంది. ఈ చివర నేను, ఆ చివర పడవల ఆయన. ఇద్దరం ఒకే వేగంతో లాగాలి. ఒకరు ముందుకి పోతే రెక్క మెలి తిరుగుతుంది. ప్లైవుడ్ మీద అంకెలు వేసి ఉండేవి. అమ్మగారు అంకెలు చదివేవారు. ఎన్నో ఏళ్ళు రోగుల నాడి లెక్కపెట్టిన ఆవిడ. ఆవిడ గొంతులో "ఒకటి... రెండు..." గడియారంలా ఉండేది. మాస్టారు ఊపిరి బిగబట్టి మధ్యలో నిలబడేవారు. కోత పూర్తయి పైముక్క ఎత్తితే లోపల నున్నని రెక్క బయటపడేది. ప్రతిసారీ ఆయన దాని మీద అరచెయ్యి వేసి, "చేతికి తెలుస్తుందయ్యా, కంటిని నమ్మకు," అనేవారు.

గుడ్డ అతికించడం పెద్ద పని. దారం ఏ వాలుగా పోవాలో ముందే పెన్సిలుతో గీసుకోవాలి. ఒక పొర రెక్క పొడవునా, రెండు పొరలు ఐమూలగా ఒకదానికొకటి అడ్డంగా. జిగురు ఎక్కువైతే బరువు, తక్కువైతే బలహీనం. మాస్టారు కంసాలి త్రాసులో తూచి కలిపేవారు. ఆ జిగురు మీద చివరికి ఒక పల్చని గుడ్డ పరిచి, ఆరాక పీకెయ్యాలి. అలా పీకితే పైభాగం తర్వాతి పొర పట్టడానికి వీలుగా గరుకుగా తయారవుతుంది. దానికి ఏ గుడ్డ కావాలా అని వెతుకుతుంటే అమ్మగారు తన పాత నైలెక్స్ చీరలు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఇవి నీకు ఇష్టమైన చీరలు కదూ," అన్నారు మాస్టారు.

"ఎవరికి ఇష్టమో. మీరే కొన్నారు. నేను కట్టుకుంటే జారిపోయేవి."

జిగురు ఆరాక చీర పీకితే రెక్క మీద ఆ నేత అచ్చు పడింది. చీర అంచు ఎక్కడుందో అక్కడ సన్నని గీత కూడా వచ్చింది. దాని మీద పుట్టీ పెట్టి తోమేశాం, రంగు వేసేశాం. ఇప్పుడు కనపడదు. కానీ ఆ విమానం ఒళ్ళంతా అమ్మగారి చీరల నేతే.

మాస్టారికి ఎప్పుడూ చొక్కా జేబులో ఒక రూపాయి బిళ్ళ ఉండేది. ఆరిన రెక్క మీద దాంతో తడుతూ చెవి పెట్టి వినేవారు. గట్టిగా అతికిన చోట ఠంగుమంటుంది. లోపల గాలి చిక్కిన చోట డొప్ప మీద కొట్టినట్టు మోగుతుంది. జానెడు జానెడు చొప్పున రెక్క మొత్తం తట్టేవారు. ఎడమ రెక్కలో ఒకచోట డొల్ల పలికింది. అరచేతంత చోటు. వదిలేద్దామండీ, కనపడదు కదా అన్నాను. ఆయన దాన్ని కోసేసి కొత్తగా అతికించారు. దానితో ఒక వారం పోయింది. ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చింది. తలుపులు, పుచ్చకాయలు, కొత్తగా కొన్న కుర్చీ, అన్నిటినీ తట్టి చూసేవారట. "నన్ను కూడా తట్టారు బాబూ ఒకసారి, జ్వరం వచ్చినప్పుడు," అన్నారు అమ్మగారు.

ఆయన ఎక్కువసార్లు అన్న మాట "ఆరనివ్వండి." జిగురుకి అదే, పుట్టీకి అదే, రంగుకి అదే. నేను వేలితో ముట్టబోతే చెయ్యి పట్టుకునేవారు. వానాకాలం అంతా పని ఆపేసేవాళ్ళం. ముసురులో అతికిస్తే జిగురు పాలు విరిగినట్టు తెల్లబడుతుంది. మళ్ళీ ఎండలు కాసేదాకా రెక్కల మీద పాత టార్పాలిన్ కప్పి ఉంచేవారు. ప్రభుత్వం కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది పడవల ఆయనకి పని లేకుండా పోయింది. పడవలు ఎవరూ కొనడం లేదు. ఆ ఏడు రోజూ షెడ్డుకి వచ్చి కూర్చునేవాడు. మాస్టారు ఓదార్పు మాటలేం చెప్పలేదు. తోకభాగం మొత్తం ఆయనకి అప్పజెప్పారు. ఆ తోకలో ఒక్క చోట కూడా డొల్ల పలకలేదు.

రంగు దగ్గర మాత్రం నేను ఊరుకోలేదు. ఆదివారం ఆదివారం ఏదో ఒక రంగు డబ్బా తీసుకెళ్ళేవాణ్ణి. చివరికి మాస్టారు, "సరే, ఎండనే అడుగుదాం," అన్నారు. మిగిలిన ఫోముతో ఒకే కొలత పలకలు చేశాం. ఒక్కోదానికి ఒక్కో రంగు వేశాను. తెలుపు, పసుపు, నారింజ, ఎరుపు, నీలం, నలుపు. రోహిణి కార్తెలో వట్లూరు ఇంటి డాబా మీద, ఒక్కో పలకని రెండు ఇటుకల మధ్య వంతెనలా పెట్టి, నడుమ ఇంకో ఇటుక బరువు పెట్టాం. మేం వరండాలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాం. మాస్టారు కూర్చోలేదు. పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నారు.

రెండు దాటాక పైనుంచి పిలుపు. "పెయింటరూ, రావయ్యా, తొందరగా."

మెట్లు రెండేసి ఎక్కాను. నల్ల పలక ఊయలలా కిందికి దిగి ఉంది. నీలం కూడా నడుం వంచింది. ఎరుపు, నారింజ కొద్దిగా. పసుపు, తెలుపు పొద్దున పెట్టినట్టే ఉన్నాయి. చెయ్యి వేసి చూశాను. తెల్లదాని మీద అరచెయ్యి ఆనించి ఉంచగలిగాను. నల్లదాని మీద వేలు కూడా నిలవలేదు. అమ్మగారు మెట్ల దగ్గరే నిలబడి, "దాని మీద అట్టు పొయ్యొచ్చు," అన్నారు.

"గాల్లో ఉండగా రెక్క ఇలా మెత్తబడితే?" అన్నారు మాస్టారు.

తెలుపు అంటే రంగు కాదనుకున్నవాణ్ణి ఆ రోజు ఆ పలకని చాలాసేపు చూశాను. కానీ మాస్టారు నా మొహం కూడా చూశారు. మెట్లు దిగుతూ మధ్యలో ఆగారు.

"ఎండ పైనుంచి కదా పడేది."

"అవునండీ."

"రెక్క కింద పడదు కదా. కింద నీ ఇష్టం."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన మళ్ళీ చెప్పారు. "సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నేను చూసింది విమానాల పొట్టలేనయ్యా. ఎగిరేవాడికి ఆకాశం కనిపిస్తుంది, మెకానిక్‌కి పొట్ట కనిపిస్తుంది. అన్నీ బూడిద రంగే. ఈ ఒక్కదాని పొట్టయినా బాగుండాలి."

పడవల ఆయన నవ్వాడు. "అది లేస్తేనే కదండీ కింద రంగు కనపడేది. లేవకపోతే పెయింటర్ గారి పనితనం నేలకే తెలుస్తుంది."

ఆ మాట నిజం. అప్పటినుంచి ఆ విమానం లేవడం నా అవసరం కూడా అయింది.

ఏ రంగన్నది అమ్మగారు తేల్చారు. నేను నారింజ అన్నాను. "నేషనల్ పర్మిట్ లారీలా ఉంటుందయ్యా," అన్నారు మాస్టారు. "లారీ ఎందుకండీ, లకుముకిపిట్ట పొట్ట చూడలేదా మీరు? కాలవ గట్టు మీద బాణంలా పోతుంది," అన్నారు అమ్మగారు. అంతే. లకుముకిపిట్ట పొట్ట రంగు కోసం నేను కలిపిన నారింజలు ఎన్నో. చివరిది చూసి అమ్మగారు తల ఊపారు.

రంగు వెయ్యకముందే రెక్కకి పరీక్ష పెట్టాలన్నారు మాస్టారు. రెక్కని బోర్లించి దిమ్మల మీద పెట్టి, గాల్లో మోయవలసిన బరువు దాని మీద ఎత్తాలి. ఇసుక బస్తాలు వాడతారట. మాకు పక్క మిల్లులో ధాన్యం బస్తాలు ఉన్నాయి, మొయ్యడానికి హమాలీలు ఉన్నారు. ఒక్కో బస్తా మెల్లగా పెట్టమన్నారు మాస్టారు. రెక్క ఎంత వంగుతుందో తెలియడానికి కొసనుంచి కొసకి కట్టిన దారం చూస్తూ నేల మీద కూర్చున్నారు. రెక్క కొస వంగుతోంది. ఇన్నేళ్ళ పని. విరిగితే ఇంకో రెక్క చేసే వయసు తనకి లేదని ఆయన ఆ ముందురోజు అమ్మగారితో అన్నారట. బస్తాలు పెరుగుతుంటే ఎక్కడో కిర్రుమంది. హమాలీ ఆగిపోయాడు.

"ఇంకోటి వెయ్యమంటారా అండీ?"

మాస్టారు రూపాయి బిళ్ళతో తట్టారు. విన్నారు. "చప్పుడు దిమ్మది. వెయ్యండి."

"ఆయ్," అని హమాలీ మెల్లగా దింపాడు. అనుకున్న బరువు పూర్తయింది. రెక్క వంగి నిలబడింది. బస్తాలు తీసేస్తుంటే మళ్ళీ పైకి లేచి దారం దగ్గరికి వచ్చి ఆగింది. హమాలీ తలగుడ్డ తీసి మొహం తుడుచుకుంటూ, "మా నడుం కూడా ఇలాగే లేస్తే బాగుండునండీ," అన్నాడు. మాస్టారు అతనితో చెయ్యి కలిపారు.

రంగు వేయడానికి నాకు నెల పట్టింది. పైన తెలుపు, కింద నారింజ. ఆయన నన్ను ఆపలేదు, తొందర పెట్టలేదు. పొద్దున వచ్చి చూసి, "ఆరనివ్వండి," అని వెళ్ళేవారు.

తాడేపల్లిగూడెంలో యుద్ధకాలం నాటి రన్‌వే ఒకటి ఉంది. విమానాలు రావడం మానేసి చాలా కాలమైంది. దాని మీద రైతులు వడ్లు ఆరబోస్తారు. అక్కడ నేల మీద నడిపి చూడటానికి మాత్రం మాస్టారు ఆఫీసుల చుట్టూ తిరిగి అనుమతి తెచ్చారు. ఎగరడానికి వేరే అనుమతి కావాలి, అది రాలేదు. నడపడానికి హైదరాబాదు నుంచి పైలట్ గారు ఒకాయన వచ్చారు. ఇంజను బయట కొని బిగించాం. రెక్కలు విప్పి విమానాన్ని లారీలో తెచ్చాం. రన్‌వే మీద ఈ చివరనుంచి ఆ చివరకి వడ్లు.

ఒకావిడ పారతో తిరగేస్తోంది. విషయం చెప్పాను.

"విమానం కోసం వడ్లు ఎత్తాలా?"

"కాసేపేనమ్మా."

"మళ్ళీ మీరే ఆరబొయ్యాలి మరి. ఎగరకపోతే రెండుసార్లు తిరగెయ్యాలి."

"అలాగేనమ్మా," అన్నారు మాస్టారు, తనే పార అందుకుంటూ. వడ్లు పక్కకి చేరాయి. రైతులు బస్తాల మీద కూర్చున్నారు, సినిమాకి వచ్చినట్టు.

పక్క సీటు ఖాళీగా ఉంది. కూర్చోమని పైలట్ గారు అడిగారు. మాస్టారు తల అడ్డంగా ఊపారు. "నేను కిందే ఉండాలండీ." ఆయనా నేనూ రన్‌వే పక్కన, చివరి వైపుకి నడిచి వెళ్ళి, వడ్ల టార్పాలిన్ మీద వెల్లకిలా పడుకున్నాం. పొట్ట కనపడాలంటే అలాగే చూడాలి. రైతుల్లో ఎవరో నవ్వారు. ఆయన పట్టించుకోలేదు.

మొదటిసారి మెల్లగా వచ్చి తిరిగి వెళ్ళింది. రెండోసారి జోరుగా. మూడోసారి కొల్లేటి వైపునుంచి ఎదురుగాలి లేచింది. ఇంజను హోరు దగ్గరవుతోంది. తల తిప్పి చూశాను. చక్రాల కింద సన్నగా వెలుతురు కనిపించింది. ఆ వెలుతురు వెడల్పయింది. తెల్లటి విమానం మా పక్కనుంచి, రెండు నిలువుల ఎత్తులో, పోయింది. దాని పొట్ట మొత్తం నారింజ. ఎండ వడ్ల మీద పడి మళ్ళీ పైకి కొట్టి ఆ రంగుని వెలిగించింది. కాలవ గట్టు మీద లకుముకిపిట్ట కనిపించినంతసేపు కనిపించింది. తర్వాత మెత్తగా నేల మీద దిగింది.

రైతులు లేచి నిలబడి అరుస్తున్నారు. పడవల ఆయన తలగుడ్డ ఊపుతూ పరిగెడుతున్నాడు. మాస్టారు ఇంకా పడుకునే ఉన్నారు. నేను ఆయన వైపు చూశాను. ఏదైనా అంటారేమోనని.

"బాగానే ఆరింది," అన్నారు.

పైలట్ గారు దిగి వచ్చి చేతులు జోడించారు. "నేల మీదే నడపమన్నారు. నేను నేల మీదే నడిపానండీ. అదే లేచింది, నేనేం చెయ్యను?"

ఆ సాయంత్రం అందరం వడ్లు ఆరబోశాం. మాస్టారు అందరికన్నా ఎక్కువసేపు పార పట్టారు. ఆ రైతు ఆవిడ చివరికి పార లాక్కుని, "చాల్లెండి మాస్టారూ, ఎగిరింది కదా, మాఫీ," అంది.

పూర్తిగా ఎగరడానికి అనుమతి ఆయన ఉండగా రాలేదు. దాని గురించి ఆయన ఎవర్నీ తిట్టగా నేను వినలేదు. విమానం భీమడోలు షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. పోయిన నెల కూడా వెళ్ళి రెక్కలు తట్టి వచ్చారట.

నిన్న పొద్దున వట్లూరు వెళ్ళేసరికి పెట్టె వచ్చి ఉంది. త్వరగా ఆరే తెలుపు తీసుకెళ్ళాను. అది అరగంటలో ఆరిపోయింది. నారింజ మాత్రం షాపులో మిగిలి ఉన్న రెక్క డబ్బాయే. వేరేది కలపడానికి మనసొప్పలేదు. అది ఆరడానికి ఒక పూట పడుతుందని నాకు తెలుసు. పెట్టెని బోర్లించి అడుగున వేశాను. చూడటానికి వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన అడిగారు, "అడుగు ఎవరికి కనపడుతుందయ్యా, ఎందుకా శ్రమ?" అమ్మగారు అన్నారు, "మోసేవాళ్ళకి కనపడుతుందండీ."

పెట్టెని తిప్పి, మూలలు ఇటుకల మీద ఆనించి, మాస్టారిని అందులో పడుకోబెట్టారు. మూడవుతోంది. పాస్టరు గారు గడియారం చూశారు. అమ్మగారు నా దగ్గరికి వచ్చి, "ఆరిందా బాబూ?" అన్నారు.

"ఇంకా లేదండీ."

"ఆయనైతే ఆరనివ్వమనేవారు," అన్నారు ఆవిడ. మా వైపు తిరిగి, "ఎత్తండి," అన్నారు.

నేను, పడవల ఆయన, పైలట్ గారు, షెడ్డు ఇచ్చిన విద్యార్థి భుజం పట్టాం. సమాధుల తోట దగ్గరే. పాట పాడారు, మట్టి వేశాం. తిరిగి వచ్చి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే చూసుకున్నాం. నలుగురి తెల్ల చొక్కాల మీదా, భుజం దగ్గర, నారింజ రంగు పట్టీ. తిన్నరు పెట్టి తుడిస్తే పోతుందని చెప్పాను. ఎవరూ తిన్నరు అడగలేదు.

సాయంత్రం ప్యాసింజరులో పడవల ఆయన, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. భీమడోలులో ఆయన దిగాడు. రైలు ఇంకా ఆగే ఉంది. ప్లాట్‌ఫారం చివరి దాకా నడిచి, పట్టాలు దాటి, షెడ్డు వైపు మళ్ళాడు. మనిషి పొలాల మధ్య చిన్నగా అయిపోతున్నా భుజం మీద ఆ నారింజ మాత్రం చాలా దూరం దాకా కనిపించింది.